పని వచ్చు సరే, రుజువు ఉందా? – విదేశీ వర్క్ వీసాకు దరఖాస్తు చేసే నైపుణ్య కార్మికులకు అవగాహన పాఠం

ఈ పాఠం ఎవరికి?

కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడ, సుల్తాన్‌పూర్, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్, రుద్రారం చుట్టుపక్కల ఉంటూ ఫ్యాక్టరీలకు షిఫ్టుకు పోయి వచ్చే వెల్డర్లు, ఫిట్టర్లు, మెషినిస్టులు, ఎలక్ట్రీషియన్లు, బాయిలర్ ఆపరేటర్లు, మందుల కంపెనీల్లో రియాక్టర్ల మీద పనిచేసేవాళ్లు, క్యూసీ ల్యాబుల్లో పనిచేసే డిగ్రీ పిల్లలు. వీళ్లలో ఎవరికైనా "దుబాయ్ పోదామా, జపాన్ పోదామా, జర్మనీ అంటున్నారు కదా" అనే ఆలోచన ఉంటే, ఈ పాఠం వాళ్ల కోసమే. ఇంట్లోవాళ్లు కూడా చదవాలి. అప్పు తెచ్చేది ఒక్కరే అయినా కట్టేది ఇంటిల్లిపాది కదా.

పాఠం మొత్తం ఒక్క మాట మీద నడుస్తుంది: ఏజెంట్ దగ్గరికి పోయే ముందు మీ పనికి రుజువు కాగితాలు తయారు చేసుకోండి. కాగితం ఉన్నవాడికి ఉద్యోగం పేరు మీద వీసా వస్తుంది. కాగితం లేనివాడికి ఏజెంట్ ఏ పేరు చెబితే ఆ పేరు మీద వస్తుంది. అక్కడ దిగాక జీతం, పని, గది, తిరిగి వచ్చే హక్కు అన్నీ ఆ పేరును బట్టే ఉంటాయి.

1. వర్క్ వీసా అంటే ఏమిటి?

చాలామంది "వీసా వచ్చింది" అంటే పాస్‌పోర్టు మీద స్టాంపు పడింది అనే అర్థం చేసుకుంటారు. నిజానికి ఇందులో మూడు వేర్వేరు విషయాలున్నాయి.

మొదటిది, ఉద్యోగ ఒప్పందం. కంపెనీ పేరు, మీ హోదా, బేసిక్ జీతం, పని గంటలు, ఓవర్‌టైమ్, వసతి, భోజనం, సెలవు, టికెట్ ఎవరిది అన్నవి ఇందులో ఉండాలి.

రెండోది, పని అనుమతి. ఆ దేశ ప్రభుత్వం "ఈ కంపెనీ ఈ మనిషిని ఈ పనికి పెట్టుకోవచ్చు" అని ఇచ్చే అనుమతి. చాలా దేశాల్లో దీన్ని కంపెనీయే అక్కడ తీసుకుంటుంది.

మూడోది, వీసా. ఆ అనుమతిని బట్టి మీరు ఆ దేశంలో అడుగుపెట్టడానికి ఇచ్చేది.

ఈ మూడింటిలో మీ పేరు, పుట్టిన తేదీ, హోదా ఒకేలా ఉండాలి. ఒప్పందంలో "పైప్ వెల్డర్" అని ఉండి వీసాలో "క్లీనర్" అని ఉంటే, చట్టం దృష్టిలో మీరు క్లీనరే. వెల్డింగ్ చేస్తూ దొరికితే తప్పు మీ మీద పడుతుంది. జీతం తక్కువ ఇచ్చినా అడగడానికి బలం ఉండదు.

విజిట్ వీసా, టూరిస్ట్ వీసా పని వీసాలు కావు. "ముందు విజిట్ మీద పోదాం, అక్కడ మార్చుకుందాం" అనే మాటకు లొంగవద్దు. అలాగే గల్ఫ్‌లో "ఆజాద్ వీసా" అనే రకం ఏ చట్టంలోనూ లేదు. ఎవరో ఒక యజమాని పేరు మీద వీసా తీసి, బయట ఎక్కడైనా పని చేసుకోమనడమే అది. ఆ యజమాని ఫిర్యాదు చేసిన రోజు నుంచి మనిషి ఖల్లివెల్లి అయిపోతాడు. మన తెలంగాణ పల్లెల్లో ఈ మాట తెలియని గల్ఫ్ కుటుంబం ఉండదు.

2. మన ఇండస్ట్రియల్ ఏరియాలో అసలు చిక్కు ఎక్కడుంది?

పని రాకపోవడం కాదు. ఇక్కడ పదేళ్లు టిగ్ వెల్డింగ్ చేసిన మనిషికి ఏ దేశంలోనైనా పని దొరుకుతుంది. చిక్కు ఏమిటంటే, ఆ పదేళ్లు కాగితం మీద కనబడవు.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఇంటర్ మధ్యలో మానేసిన ఒక కుర్రాడు హెల్పర్‌గా చేరి, మేస్త్రీ దగ్గర వెల్డింగ్ నేర్చుకున్నాడు. ఎనిమిదేళ్లలో నలుగురు కాంట్రాక్టర్లు మారారు. పని మాత్రం ఒకే ఫ్యాక్టరీలో. ఒక కాంట్రాక్టర్ పీఎఫ్ కట్టాడు, ఇద్దరు కట్టలేదు, ఒకరు వేరే పేరు స్పెల్లింగుతో కట్టారు. గేట్ పాస్‌లో "అన్‌స్కిల్డ్" అని ఉంది. అతని చేతి పని చూస్తే 6జీ టెస్ట్ పాసయ్యే మనిషి. ఫైలు చూస్తే రోజు కూలీ.

విదేశీ కంపెనీ ముందు చూసేది ఫైలే. ఫైలు ఖాళీగా ఉంటే రెండే దారులు మిగులుతాయి. ఒకటి, లేబర్ వీసా మీద పోవడం. రెండోది, ఏజెంట్ తయారు చేసి ఇచ్చే దొంగ ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్. రెండోది నేరం. పరిశీలనలో దొరికితే వీసా పోతుంది, కొన్ని దేశాల్లో ఏళ్ల తరబడి మళ్లీ దరఖాస్తు చేయనివ్వరు. ఈ రెండూ కాకుండా మూడో దారి ఉంది: నిజమైన పనికి నిజమైన కాగితం తెచ్చుకోవడం. దానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఆ ఏడాది వృథా అనుకోకండి.

3. మీ ఫైలు ఇలా తయారు చేసుకోండి

(అ) పేరు, పుట్టిన తేదీ
మనవాళ్ల ఫైళ్లలో మొదట దెబ్బతినేది ఇక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పీఎఫ్‌లో ఇంటిపేరే లేదు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు నడవవు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి. కాబట్టి పాస్‌పోర్టుకు ముందే పదో తరగతి మెమో, ఆధార్, పాన్, పీఎఫ్ నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. తేడా ఉంటే ఏది సులభంగా మారుతుందో దాన్ని ముందు మార్చుకోండి. సాధారణంగా పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావి సరిచేసుకోవడం తేలిక.

(ఆ) పాస్‌పోర్టు
36 పేజీల సాధారణ పాస్‌పోర్టు రుసుము 1,500 రూపాయలు. తత్కాల్ అయితే ఇంకో 2,000. పదో తరగతి పాసైన సర్టిఫికెట్ తప్పకుండా జత చేయండి. అది జత చేస్తే మీ పాస్‌పోర్టు ఈసీఆర్ కాకుండా వస్తుంది. రెండేళ్ల ఎన్‌సీవీటీ లేదా ఎస్‌సీవీటీ గుర్తింపు ఉన్న కోర్సు చేసినవాళ్లకు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు కూడా ఈ మినహాయింపు ఉంది. ఈసీఆర్ అంటే ఏమిటో 5వ భాగంలో చెప్పుకుందాం.

(ఇ) పీఎఫ్, ఈఎస్ఐ
మీ యూఏఎన్ నంబరుతో పీఎఫ్ పోర్టల్‌లోకి వెళ్లి సర్వీస్ హిస్టరీ తీసుకోండి. ఉమంగ్ యాప్‌లోనూ పాస్‌బుక్ దొరుకుతుంది. ఏ సంస్థలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పని చేశారో ఇందులో ఉంటుంది. ఇది ప్రభుత్వ రికార్డు కాబట్టి ఎవరూ కాదనలేరు. రెండు మూడు యూఏఎన్‌లు ఉంటే ఒకే దానికి మార్చుకోండి. నెల నెలా డబ్బు కట్ అయి పీఎఫ్‌లో పడకపోతే, విదేశానికి పోయే ముందే పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు చేయండి.

(ఈ) ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్
ఇది చాలామందికి తెలియని హక్కు. 2025 నవంబర్ 21 నుంచి దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ప్రకారం ప్రతి ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వాలి. అదే కోడ్‌లోని 56వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టు కార్మికుడు అడిగితే కాంట్రాక్టర్ అతను చేసిన పని వివరాలతో అనుభవ పత్రం ఇవ్వాలి. కాంట్రాక్టు కార్మికులకు సంబంధించిన ఈ భాగం 50 మంది లేదా అంతకు మించి కాంట్రాక్టు కార్మికులు ఉన్న సంస్థలకు వర్తిస్తుంది. మన పెద్ద ఫ్యాక్టరీల్లో చాలావాటిలో ఆ సంఖ్య దాటుతుంది.

నోటితో అడిగితే "చూద్దాం" అంటారు. ఒక తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకోండి. వాట్సాప్‌లో కూడా పంపి ఉంచండి. పత్రంలో ఏ తేదీ నుంచి ఏ తేదీ, ఏ ఫ్యాక్టరీ, ఏ పని, ఏ యంత్రం అన్నవి ఉండాలి. "మంచి ప్రవర్తన కలవాడు" అని రెండు లైన్లు రాసి ఇస్తే దేనికీ పనికిరాదు. "మూడేళ్లు స్టెయిన్‌లెస్ స్టీల్ పైపులకు టిగ్ వెల్డింగ్ చేశాడు" అని ఉంటేనే విలువ. ఇవ్వకుండా తిప్పితే కార్మిక శాఖ అధికారికి రాతపూర్వకంగా తెలపండి.

(ఉ) నైపుణ్య సర్టిఫికెట్
ఐటీఐ చేసినవాళ్లు ఎన్‌టీసీ, మార్కుల మెమో దగ్గర పెట్టుకోండి. అప్రెంటిస్‌షిప్ చేసినవాళ్లు జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకోండి. అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసి ఆఖరి పరీక్ష రాయకుండా వదిలేసినవాళ్లు ఉన్నారు. ఆ పరీక్ష పాసైతేనే సర్టిఫికెట్.

ఐటీఐ చేయకుండా పని నేర్చుకున్నవాళ్లకూ దారి ఉంది. సొంతంగా నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి ఉంది. కొన్ని ట్రేడుల్లో అనుభవం ఉన్నవాళ్లు ప్రైవేటు అభ్యర్థిగా ఐటీఐ పరీక్ష రాయవచ్చు. దగ్గరలోని ప్రభుత్వ ఐటీఐ ప్రిన్సిపాల్‌ను కలిసి నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో కనుక్కోండి.

వెల్డర్లు కంపెనీలో రాసిన 3జీ, 6జీ పరీక్ష రికార్డు కాపీ అడగండి. బాయిలర్ మీద పనిచేసేవాళ్లకు బాయిలర్ల శాఖ ఇచ్చే అటెండెంట్ సర్టిఫికెట్, ఎలక్ట్రీషియన్లకు లైసెన్సింగ్ బోర్డు పర్మిట్ చాలా బలమైన కాగితాలు.

4. ఏ దేశం ఏమి అడుగుతుంది?

గల్ఫ్ దేశాలు
ఇక్కడ పని అనుమతి, వీసా కంపెనీయే తీస్తుంది. మీరు ఇక్కడ గుర్తింపు ఉన్న కేంద్రంలోనే మెడికల్ చేయించుకోవాలి. సౌదీకి పోయే చాలా వృత్తులవాళ్లు వీసా స్టాంపింగుకు ముందే నైపుణ్య పరీక్ష పాస్ కావాలి. అంటే సౌదీ ఇప్పుడు "వచ్చాక చూద్దాం" అనడం లేదు, పని వచ్చో రాదో ఇక్కడే చూస్తోంది. చేతి పని ఉన్న మనవాళ్లకు ఇది మంచిదే. యూఏఈలో నియామక ఖర్చులను కార్మికుడి దగ్గర వసూలు చేయడం అక్కడి కార్మిక చట్టం ప్రకారం తప్పు. "వీసా డబ్బులు" అని మీ దగ్గర లక్షలు అడిగేవాడు కంపెనీ ఇప్పటికే భరించిన ఖర్చును మీ దగ్గర మళ్లీ వసూలు చేస్తున్నాడని అర్థం.

సర్టిఫికెట్ల ధ్రువీకరణ దేశాన్ని బట్టి మారుతుంది. సౌదీ, ఒమన్, బహ్రెయిన్ అపోస్టిల్ ఒప్పుకుంటాయి. యూఏఈ, ఖతర్, కువైట్‌లకు రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. కంపెనీ అడగకముందే దీనికి డబ్బులు పెట్టకండి.

జపాన్
2019 ఏప్రిల్ నుంచి జపాన్ "స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్" అనే వీసా ఇస్తోంది. 2021 జనవరిలో మన దేశంతో దీనిపై ఒప్పందం కుదిరింది. 2025 ఆగస్టులో రెండు దేశాలూ ఐదేళ్లలో 50,000 మంది నైపుణ్యం ఉన్న భారతీయులు జపాన్ వెళ్లేలా చూడాలని లక్ష్యం పెట్టుకున్నాయి.

అడిగేవి రెండు పరీక్షలు. ఒకటి జపనీస్ భాష: జేఎల్‌పీటీ ఎన్4 గానీ జేఎఫ్‌టీ బేసిక్ గానీ పాస్ కావాలి. రెండోది మీ రంగంలో నైపుణ్య పరీక్ష. డిగ్రీ అడగరు. మొదటి రకం వీసా మీద మొత్తం ఐదేళ్ల దాకా ఉండవచ్చు, కానీ భార్యాపిల్లలను తీసుకుపోవడానికి లేదు. రెండో రకానికి ఎదిగితే కుటుంబాన్ని తీసుకుపోవచ్చు. అదే పని చేసే జపాన్ మనిషికి ఇచ్చేంత జీతం మీకూ ఇవ్వాలని నిబంధన. మీ రంగం పరీక్ష మన దేశంలో జరుగుతుందో లేదో భాష క్లాసులో చేరే ముందే చూసుకోండి.

జర్మనీ
2024 అక్టోబర్‌లో జర్మనీ నైపుణ్యం ఉన్న భారతీయులకు ఇచ్చే వీసాలను ఏడాదికి 20,000 నుంచి 90,000కు పెంచుతామని ప్రకటించింది. ఈ ముక్క పట్టుకుని మన దగ్గర చాలామంది కన్సల్టెన్సీ బోర్డులు పెట్టారు. కానీ జర్మనీ కాగితం విషయంలో చాలా గట్టి దేశం.

అక్కడ మామూలు దారి మీ చదువు జర్మనీ చదువుతో సమానమని గుర్తింపు తెచ్చుకోవడం. 2024 మార్చి నుంచి ఇంకో దారి తెరిచారు. మన దేశ ప్రభుత్వ గుర్తింపు ఉన్న కనీసం రెండేళ్ల శిక్షణ, గత ఐదేళ్లలో కనీసం రెండేళ్ల అనుభవం, నిర్ణీత పరిమితికి మించిన జీతంతో ఉద్యోగ ఆఫర్ ఉంటే, పూర్తి గుర్తింపు లేకున్నా చాలా ఉద్యోగాలకు వీసా అడగవచ్చు. జీతం పరిమితి ప్రతి ఏడాదీ మారుతుంది.

ఇక్కడ మన ఐటీఐ పిల్లలు ఒకటి గమనించాలి. ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, ఎలక్ట్రీషియన్ ట్రేడులు రెండేళ్లవి. కెమికల్ ప్లాంట్ అటెండెంట్ ఆపరేటర్ ట్రేడు కూడా రెండేళ్లదే. వెల్డర్ ట్రేడు ఒక్క ఏడాదిది. అంటే పది పాసయ్యి ఐటీఐలో చేరబోయే తమ్ముడో చెల్లెలో మీ ఇంట్లో ఉంటే, ఈ తేడా ఇప్పుడే తెలుసుకోవాలి. ఒక్క ఏడాది తేడాతో ఐదారేళ్ల తర్వాత ఒక దేశం తలుపు తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది.

ఉద్యోగం వెతుక్కోవడానికి 2024 జూన్ నుంచి "ఆపర్చునిటీ కార్డు" కూడా ఇస్తున్నారు. అది ఉద్యోగం కాదు, వెతుక్కోవడానికి ఒక ఏడాది గడువు మాత్రమే. ఆ ఏడాది బతకడానికి డబ్బు మీ దగ్గర ఉన్నట్టు చూపాలి. "కార్డు వస్తే జాబ్ వచ్చినట్టే" అని ఎవరైనా చెబితే నమ్మకండి. భాష సంగతి: చట్టం అన్ని ఉద్యోగాలకూ ఒకే స్థాయి అడగకపోయినా, బీ1 దాకా జర్మన్ రాకుండా వర్క్‌షాప్‌లో నిలబడడం కష్టం.

డిగ్రీ ఉన్నవాళ్లకు
ఫార్మా క్యూసీ, ప్రొడక్షన్‌లలో ఉన్న బీఎస్సీ, ఎంఎస్సీ, బీఫార్మసీ వాళ్లు బ్రిటన్ గురించి ఎక్కువగా అడుగుతారు. అక్కడ లైసెన్సు ఉన్న కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఉంటేనే స్కిల్డ్ వర్కర్ వీసా. లైసెన్సు ఉన్న కంపెనీల జాబితాను బ్రిటన్ ప్రభుత్వం వెబ్‌సైట్‌లో పెడుతుంది, ఎవరైనా చూడవచ్చు. 2025 జూలై 22 నుంచి ఎక్కువ భాగం డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే ఈ వీసా ఇస్తున్నారు. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌ను డబ్బులకు అమ్మడం అక్కడ నేరం. "పది లక్షలకు సీఓఎస్" అనే ప్రకటన కనబడితే అది ఉద్యోగం కాదు, మోసం. అమెరికా హెచ్1బీలో ఏడాదికి 65,000, అక్కడే పీజీ చదివినవాళ్లకు ఇంకో 20,000 వీసాలు. కంపెనీ దరఖాస్తు చేయాలి, ఆ తర్వాత ఎంపిక. మనిషి సొంతంగా దరఖాస్తు చేసేది కాదు.

5. దరఖాస్తు ఎవరి ద్వారా?

మొదటి తలుపు ప్రభుత్వానిదే. తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ లిమిటెడ్, మనమంతా పిలిచే పేరు టామ్‌కామ్. కార్మిక, ఉపాధి శిక్షణ శాఖ కింద పనిచేస్తుంది. కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర నమోదైన నియామక సంస్థ ఇది. ఆఫీసు హైదరాబాద్ విజయనగర్ కాలనీలో, మల్లేపల్లి ప్రభుత్వ ఐటీఐ ఆవరణలో ఉంది. గల్ఫ్, జపాన్, జర్మనీ వంటి దేశాల ఉద్యోగాల ప్రకటనలు ఇస్తుంది. మీ వివరాలు నమోదు చేసుకుని, మీ ట్రేడుకు సరిపోయే ప్రకటన వచ్చినప్పుడు ఇంటర్వ్యూకు పోవచ్చు. ఇక్కడ ఒక నిజం కూడా చెప్పాలి. నమోదు చేసుకోగానే ఉద్యోగం రాదు. అన్ని ట్రేడులకూ అన్నివేళలా ప్రకటనలు ఉండవు. ఓపిక కావాలి.

రెండో తలుపు లైసెన్సు ఉన్న ప్రైవేటు ఏజెంట్. వలసల చట్టం 1983 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపడం నేరం. కేంద్రం నడిపే ఈమైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా ఉంది. బోర్డు మీద పేరు కాదు, లైసెన్సు నంబరు అడిగి అందులో కొట్టి చూడండి. సస్పెండ్ అయినవాళ్ల వివరం కూడా కనబడుతుంది. ఊళ్లో తిరిగే "సబ్ ఏజెంట్" అనే మనిషికి చట్టంలో చోటు లేదు. దగ్గరి చుట్టమైనా సరే.

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు
పదో తరగతి పాస్ కానివాళ్లలో ఎక్కువమంది ఈ వర్గంలోకి వస్తారు. గల్ఫ్‌లోని ఆరు దేశాలతో పాటు ఇరాక్, జోర్డాన్, లెబనాన్, మలేషియా, థాయ్‌లాండ్, ఇండోనేషియా వంటివి కలిపి మొత్తం 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్స్ కావాలి. ఈ ఆఫీసు హైదరాబాద్‌లోనూ ఉంది. దరఖాస్తు ఈమైగ్రేట్‌లో వెళ్తుంది. దీన్ని అడ్డంకి అనుకోకండి. మీ ఒప్పందం, జీతం, కంపెనీ వివరాలు ప్రభుత్వ రికార్డులోకి ఎక్కేది ఇక్కడే. రేపు గొడవ వస్తే రాయబార కార్యాలయం చూసేది ఈ రికార్డునే. పోయే ముందు ఒక రోజు అవగాహన శిక్షణ ఉంటుంది, మానకండి.

బీమా
ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదవశాత్తు మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల బీమా. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, పన్ను అదనం. క్లియరెన్స్ మీద పోయేవాళ్లకు ఇది తప్పనిసరి. పాలసీ కాపీ ఇంట్లో ఒకటి పెట్టండి.

6. ఖర్చు లెక్క వేసుకోండి

లైసెన్సు ఉన్న ఏజెంట్ మీ దగ్గర తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు. 18 శాతం జీఎస్టీ 5,400. మొత్తం 35,400. దీనికి రసీదు ఇవ్వాలి. చేతికి ఇవ్వకండి, బ్యాంకు ద్వారానే కట్టండి. పాస్‌పోర్టు, మెడికల్, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు 500 వంటివి వేరే.

ఇప్పుడు ఇంకో లెక్క. ఏజెంట్ రెండు లక్షలు అడిగాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు వడ్డీయే 6,000. ఏడాదికి 72,000. రెండేళ్ల ఒప్పందంలో వడ్డీ 1,44,000, అసలు రెండు లక్షలు. మొత్తం 3,44,000 కట్టాకే మీ సంపాదన మొదలు. ఇప్పుడు ఇక్కడి ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్‌తో వచ్చే జీతం, అక్కడ ఒప్పందంలో రాసిన బేసిక్ జీతం పక్కపక్కన రాసి, తేడాను 24తో గుణించండి. ఆ తేడా 3,44,000 దాటకపోతే పోవడంలో అర్థం లేదు. ఈ లెక్క ఇంట్లో భార్యతో, అమ్మానాన్నలతో కూర్చుని వేయండి. ఓవర్‌టైమ్ "గ్యారంటీ" అన్నవాడి మాట లెక్కలో కలపకండి.

7. మోసం గుర్తులు

• లైసెన్సు నంబరు చెప్పరు, ఆఫీసు తరచూ మారుతుంది.
• ఒప్పందం కాపీ ఎయిర్‌పోర్టులో ఇస్తామంటారు.
• పాస్‌పోర్టు తీసుకుని, వెనక్కి ఇవ్వడానికి డబ్బులు అడుగుతారు.
• విజిట్ వీసా మీద పంపుతామంటారు.
• ఇంటర్వ్యూ లేదు, పరీక్ష లేదు, అనుభవం అక్కర్లేదు, జీతం మాత్రం లక్ష అంటారు.

చివరిది చాలా ప్రమాదకరం. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగాలని పిలిచి, అక్కడి నుంచి మయన్మార్, కంబోడియా, లావోస్‌లలోని సైబర్ మోసాల కేంద్రాలకు తరలించారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి 549 మంది భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో మన తెలుగు పిల్లలు కూడా ఉన్నారు. హెల్పర్ పని అని రష్యా తీసుకుపోయి యుద్ధంలోకి నెట్టిన ఘటనలూ జరిగాయి. హైదరాబాద్‌కు చెందిన ఒక యువకుడు 2024లో అక్కడే ప్రాణాలు కోల్పోయాడు. ఇలాంటి ప్రకటన మీ గ్రూపులో కనబడితే ముందుకు పంపకండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కు ఫోన్ చేయండి.

8. పోయేవాళ్లు, ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా, కంపెనీ చిరునామా అన్నీ ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి. ఆపద వచ్చినప్పుడు చాలా కుటుంబాల దగ్గర కంపెనీ పేరు కూడా ఉండదు. "దుబాయ్‌లో ఉన్నాడు" అంటే అధికారులు ఎక్కడని వెతకాలి?

జీతం రాకున్నా, కొట్టినా, పాస్‌పోర్టు లాక్కున్నా భారత రాయబార కార్యాలయానికి చెప్పవచ్చు. ఇంట్లోవాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800113090. హైదరాబాద్ ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో జరిగే ప్రజావాణిలో ప్రవాసీల కోసం 2024 సెప్టెంబర్ నుంచి ప్రత్యేక కౌంటర్ ఉంది. సంగారెడ్డి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలోనూ దరఖాస్తు ఇవ్వవచ్చు.

గల్ఫ్ దేశాల్లో 2023 డిసెంబర్ 7 తర్వాత చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇస్తోంది. ఆరు నెలల్లోగా కలెక్టర్‌కు దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వీసా కాపీలు ఉంటేనే పని త్వరగా జరుగుతుంది. అందుకే కాపీలు ఇంట్లో ఉండాలని అన్నిసార్లు చెప్పడం.

9. ఎక్కువగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: నా వయసు 38. పది ఫెయిల్. పని బాగా వచ్చు. అవకాశం ఉందా?
జవాబు: ఉంది. గల్ఫ్‌కు క్లియరెన్స్ మీద, ట్రేడు పేరుతో పోవచ్చు. ఓపెన్ స్కూల్‌లో పది రాయండి. ఆర్‌పీఎల్ సర్టిఫికెట్ తెచ్చుకోండి. వీసాలో మీ ట్రేడు పేరే ఉండాలని పట్టుబట్టండి.

ప్రశ్న: కాంట్రాక్టర్ ఇప్పుడు లేడు, ఫ్యాక్టరీవాళ్లు మాకు సంబంధం లేదంటున్నారు.
జవాబు: పీఎఫ్ సర్వీస్ హిస్టరీ, ఈఎస్ఐ రికార్డు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, గేట్ పాస్‌లు, సేఫ్టీ ట్రైనింగ్ కాగితాలు ఒకచోట పెట్టండి. విడివిడిగా చిన్నవే, కలిపితే బలమైన రుజువు. పాత గేట్ పాస్‌లు పారేయకండి.

ప్రశ్న: జీతం చేతికి ఇస్తారు, బ్యాంకులో వేయరు.
జవాబు: ఈ నెల నుంచే బ్యాంకులో వేయమని అడగండి. రెండేళ్ల తర్వాత ఆ స్టేట్‌మెంటే మీ అనుభవానికి సాక్షి.

ప్రశ్న: ఆడవాళ్లు పోవచ్చా?
జవాబు: పోవచ్చు. జర్మనీ, జపాన్ రెండింటిలోనూ నర్సింగ్, వృద్ధుల సంరక్షణ రంగాల్లో అవకాశాలున్నాయి. టామ్‌కామ్ ప్రకటనలు చూడండి. గల్ఫ్‌లో ఇంటి పనికి ఎవరైనా నేరుగా పిలిస్తే, క్లియరెన్స్ లేకుండా అసలు కదలకండి.

10. ఈ వారం చేయాల్సిన పనులు

1. పదో తరగతి మెమో, ఆధార్, పాన్, పీఎఫ్‌లలో పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండి.
2. పీఎఫ్ సర్వీస్ హిస్టరీ డౌన్‌లోడ్ చేసి దాచుకోండి.
3. కాంట్రాక్టర్‌కు అనుభవ పత్రం కోసం రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి.
4. దగ్గరి ప్రభుత్వ ఐటీఐకి పోయి మీ ట్రేడుకు ఏ పరీక్ష ఉందో కనుక్కోండి.
5. పాస్‌పోర్టు లేకపోతే దరఖాస్తు చేయండి.
6. ఏజెంట్‌కు ఇప్పటికే మాట ఇచ్చి ఉంటే, లైసెన్సు నంబరు ఈమైగ్రేట్‌లో చూడండి. లేకపోతే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఈ ఆరు పనులకూ పెద్దగా ఖర్చు లేదు. విదేశానికి పోకపోయినా ఈ ఫైలు వృథా కాదు. ఇక్కడే రేపు ఇంకో కంపెనీలో "హెల్పర్" కాకుండా "వెల్డర్" అని చేరడానికీ, ఆ మేరకు జీతం అడగడానికీ ఇవే కాగితాలు పనికొస్తాయి.

రుసుములు, నిబంధనలు మారుతుంటాయి. డబ్బు కట్టే ముందు సంబంధిత ప్రభుత్వ పోర్టల్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఈ పీడీఎఫ్‌ను మీ షిఫ్టు గ్రూపులో, గదిలో ఉండే మిత్రులకు, ఊళ్లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పంపండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.

– జిల్లా సమాచార అధికారి, సంగారెడ్డి జిల్లా